రెండు సిమ్‌లు, ఒకే టవరు

2024 జులైలో ప్రైవేటు టెలికాం సంస్థలు మూడూ ఒకదాని వెంట ఒకటి ఛార్జీలు పెంచగానే, పెంచని బీఎస్‌ఎన్‌ఎల్ వైపు లక్షల మంది మళ్లారు. చౌకను వెతుక్కోవడం సహజమే. అయితే కరెంటు పోయిన వేళ ఫోన్ పలుకుతుందా లేదా అన్నది రీచార్జి ధర తేల్చదు. టవరు కింది బ్యాటరీలు, జనరేటర్‌లోని డీజిలు తేలుస్తాయి. ఆ సంగతి ఏ ప్లాన్ ప్రకటనలోనూ ఉండదు. రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నా పూర్తి భరోసా లేదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా అనేక చోట్ల ఇండస్ టవర్స్ స్తంభాలనే పంచుకుంటున్నాయి. స్తంభం మూగబోతే రెండు సిమ్‌లూ మూగబోతాయి.

ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనలు, జిల్లా స్థాయిలో సేవలు 24 గంటలకు మించి నిలిచిపోతేనే పరిహారం అంటున్నాయి. ఒక మండలానికి రోజూ మూడు గంటలు సిగ్నల్ అందకపోతే అది లెక్కలోకే రాదు. ఈ కొలత ఎవరికి అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. రేషన్ వేలిముద్ర నుంచి ఉపాధి హామీ హాజరు దాకా నెట్‌కు ముడివేసిన ప్రభుత్వాలు, ఆ మూడు గంటల నష్టాన్ని మాత్రం కూలీకే వదిలేశాయి.

జనరేటరుపై ఆధారపడటం ఎంత బలహీనమో 2022లో శ్రీలంక చూసింది. అక్కడ కరెంటూ డీజిలూ ఒకేసారి కరవయ్యాయి. కవరేజీ పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలని సంస్థలను ఆదేశించిన ట్రాయ్‌కి, అదే పటంలో టవరు వారీగా బ్యాకప్ ఎన్ని గంటలో రాయించడానికి అడ్డేమిటి?