ఐదొందల గిఫ్టు, ఎనిమిది లైన్ల పద్యం

డిసెంబర్ వచ్చిందంటే మన హాస్టళ్ళలో సీక్రెట్ శాంటా మొదలు. చీటీలు తీస్తారు, లిమిట్ ఐదొందలు అంటారు, ఆ తర్వాత అందరూ ఫోన్లు తీసి అవే నాలుగు వస్తువులు ఆర్డర్ పెడతారు. కాఫీ మగ్గు, కీచైను, చాక్లెట్ డబ్బా, దిండు. వచ్చిన అట్టపెట్టెని టేపు కూడా పీకకుండా చేతిలో పెట్టే మహానుభావులూ ఉన్నారు. అవతలివాడు "థాంక్స్ రా" అంటాడు. అయిపోయింది. ఐదొందలు ఒక చుట్టు తిరిగి మళ్ళీ మన దగ్గరికే వచ్చాయి. ఈ మాత్రం దానికి యూపీఐ చేసుకుంటే డెలివరీ ఛార్జీలైనా మిగులుతాయి కదా!

ఈ ఆట ఎలా ఆడాలో డచ్ వాళ్ళని చూసి నేర్చుకోవాలని నా అభిప్రాయం. శాంటా క్లాజ్ అన్న పేరే వాళ్ళ సింటర్‌క్లాస్ నుంచి వచ్చింది కాబట్టి అడగాల్సింది కూడా వాళ్ళనే.

సింటర్‌క్లాస్ అంటే సెయింట్ నికోలస్. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరాకి బిషప్పు. డచ్ పిల్లల లెక్కలో మాత్రం ఆయన కాపురం స్పెయిన్‌లో. నవంబర్ మధ్యలో స్టీమరెక్కి వస్తాడు, ఏటా ఒక్కో ఊళ్ళో దిగుతాడు, టీవీలో లైవ్ ఇస్తారు. అప్పట్నుంచి పిల్లలు రాత్రిపూట బూటు బయటపెట్టి, అందులో ఆయన తెల్ల గుర్రం కోసం క్యారెట్టో గడ్డో ఉంచి పాటలు పాడతారు. అసలు సందడి డిసెంబర్ 5 రాత్రి. 'పాక్యెస్ ఆవొంట్' అంటారు, అంటే పొట్లాల రాత్రి. తలుపు దబదబా బాదిన చప్పుడు. తీసి చూస్తే ఎవరూ ఉండరు, గుమ్మంలో గోనెసంచి నిండా బహుమతులు! మసాలా దట్టించిన బుల్లి బిస్కట్లు, ఎవరి పేరులోని మొదటి అక్షరం ఆకారంలో వాళ్ళకి చాక్లెట్టు. 1660లలో యాన్ స్టేన్ వేసిన ఒక బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక పాప కొత్త బొమ్మ పట్టుకుని మురిసిపోతుంటే, అల్లరి చేసిన పిల్లాడి బూటులో బెత్తం వచ్చింది, వాడు ఏడుస్తున్నాడు. అంటే ఈ పండగలో వెక్కిరింత మొదట్నుంచీ ఉందన్నమాట.

ఇదంతా పిల్లల సంగతి. నాకు నచ్చింది పెద్దవాళ్ళ ఆట. వాళ్ళూ మనలాగే చీటీలు తీస్తారు. కానీ కొన్న వస్తువుని ఊరికే ఇవ్వకూడదు. దాన్ని దాచిపెట్టే ఒక వింత వస్తువుని చేత్తో తయారుచెయ్యాలి, దాని పేరు 'సుర్‌ప్రీజ'. అట్టలు, జిగురు, పాత పేపర్లు ఏదైనా సరే, తీసుకునేవాడి అలవాటుకో పిచ్చికో సరిపోయేలా ఉండాలి. దాంతోపాటు ఒక పద్యం. ఏడాదంతా వాడు చేసిన వెధవ పనులన్నీ అందులో వస్తాయి. కింద సంతకం 'సింట్' అని ఉంటుంది గానీ రాసినవాడి పేరుండదు. ఆ పద్యాన్ని ఎవరి మీద రాశారో వాళ్ళే అందరి ముందూ పైకి చదవాలి. గిఫ్టు విప్పేది ఆ తర్వాతే.

డెల్ఫ్ట్‌లో ఎంఎస్ చేస్తున్న మా అక్కకి వెళ్ళిన మొదటి ఏడాదే ఇలాంటి పద్యం వచ్చింది. తనకి సైకిల్ తొక్కడం రాదు. ఆ దేశంలో అది ఈత రాని చేప లాంటిది. ల్యాబ్ వాళ్ళు అట్టతో సైకిల్ చేసి, దాని చక్రంలో నిజం సైకిల్ బెల్లు దాచారు. పద్యం నిండా తన ఆవకాయ డబ్బా మీదా, రోజూ సాయంత్రం అమ్మతో అరిచి మాట్లాడే ఫోన్ల మీదా జోకులే. చివరి రెండు లైన్లలో మాత్రం, ఆ ఫోన్ వినపడని రోజు ల్యాబ్ బోసిపోతోందని రాశారట. మొహం మీద ఎవరూ ఆ మాట తనతో అనలేదు. సంతకం లేదు కాబట్టి రాయగలిగారు. నాలుగేళ్ళు ఒకే రూములో పడుకుని లేచే మనం మాత్రం ఇలాంటి మాట ఎప్పుడు చెప్పుకుంటాం? ఫేర్‌వెల్ రోజు, అదీ ఏడుపు మధ్యలో.

పద్యం అనగానే కంగారు పడకండి. యతులూ గణాలూ ఎవరూ అడగట్లేదు. మచ్చుకి నా రూమ్మేట్ మీద ఒకటి:

ఆరింటికి అలారం, ఆరున్నరకి స్నూజు
ఎనిమిదింటి ల్యాబుకి తొమ్మిదింటికి పోజు
రూమంతా లేచింది, లేవనిది నువ్వొకడే
ఈ అట్టకోడి కూసినా నీకది జోలపాటే

చివర్లో ప్రాస కుంటింది, తెలుసు. డచ్ వాళ్ళవీ కుంటుతాయి, నవ్వొచ్చేది అక్కడే. అయినా వెక్కిరిస్తూ పద్యం కట్టడం మనకేం కొత్త? పెళ్ళిళ్ళలో వియ్యాలవారి పాటలు పాడిన అమ్మమ్మలు మనకున్నారు, చాటువులున్నాయి.

"ఎండ్ సెమ్ ముందు ఎవడు కూర్చుని రాస్తాడు, చాట్‌జీపీటీకి చెప్తే సరి" అంటారు, తెలుసు. డచ్ వాళ్ళూ ప్రాసల డిక్షనరీ పక్కన పెట్టుకుంటారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ వైవా చెడగొట్టుకున్న రోజల్లా వాడు క్యాంటీన్ మెట్ల మీద కూర్చుని రెండు ఎగ్ పఫ్‌లు తింటాడన్న సంగతి ఏ మోడల్‌కి తెలుసు? అది నీకే తెలియాలి. తెలియకపోతే చీటీ తీసిన రోజు నుంచి వాణ్ణి కాస్త గమనించాలి. ఐదొందలకి దొరకనిది అదే.

ఈ పండగలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాటేసి పొగడటం న్యాయం కాదు. 1850లో యాన్ స్కెంక్‌మాన్ అనే ఆమ్‌స్టర్‌డామ్ బడిపంతులు పిల్లల కోసం ఒక పుస్తకం వేశాడు. స్టీమరూ స్పెయినూ అందులోవే, సింటర్‌క్లాస్ పక్కన నల్లజాతి నౌకరు కూడా. నెదర్లాండ్స్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1863లో, అంటే పుస్తకం వచ్చాక 13 ఏళ్ళకి. ఆ నౌకరే 'నల్ల పీట్' అయ్యాడు. తెల్లవాళ్ళు మొహానికి నల్లరంగు, ఎర్ర పెదాలు, ఉంగరాల విగ్గు పెట్టుకుని వేసే వేషం. 2011లో ఇది జాత్యహంకారమని రాసిన టీషర్టులు వేసుకుని నిలబడ్డందుకు ఇద్దరిని పోలీసులు పట్టుకెళ్ళారు. "సరదాకే కదా, పిల్లల పండగ కదా" అని చాలామంది వాదించారు. 2019 కల్లా టీవీలో చూపించే ఊరేగింపులో ఆ వేషం పోయి, పొగగొట్టంలో దిగినట్టు మసి మరకలున్న పీట్‌లు వచ్చారు. మార్పుకి ఒప్పుకోని ప్రధాని మార్క్ రుట్టె కూడా 2020లో తన అభిప్రాయం మారిందని పార్లమెంటులో చెప్పాడు. పండగ మాత్రం ఆగలేదు.

"సరదాకే కదా" అన్న మాట మన కారిడార్లలోనూ రోజూ వినపడుతుంది. ఒంటి రంగు మీదా, లావు మీదా, యాస మీదా, ర్యాంకు మీదా, ఏ కోటాలో సీటొచ్చిందన్న దాని మీదా పెట్టిన నిక్‌నేమ్‌లు ఎన్ని లేవు? పద్యాలు మొదలుపెడితే ముందు అవే దూరతాయి. అందుకే ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. వాడు చేసిన పని మీద ఎంతైనా ఏడిపించండి. వాడి పుట్టుక మీద, ఒంటి మీద ఒక్క అక్షరం కూడా వద్దు. ముందుగా ఇద్దరు చదివి చూడాలి, ఆ ఇద్దరూ నవ్వించుకునే బ్యాచ్ వాళ్ళే కాకూడదు.

లిమిట్ వందకి తగ్గిద్దాం. చీటీలు నవంబర్ చివరి వారంలోనే తీసేద్దాం, రాసుకోవడానికి టైమ్ ఉండాలి కదా. అట్టపెట్టెలకి దిగులు లేదు, మెస్ వెనకాల గుట్టలు పడున్నాయి. జిగురు డబ్బా మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.