ఆల్ఫా లోపలే ఉందా?

ఫ్యూజన్ మీద వార్త వస్తే చాలు, మన గ్రూపుల్లో ఫార్వర్డ్ అయిపోతుంది. ‘పది కోట్ల డిగ్రీలు’, ‘కృత్రిమ సూర్యుడు’ అంటూ హెడ్డింగులు. ఔరా అనుకుని వదిలేస్తాం. నన్నడిగితే, డిగ్రీల దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న అడగనట్టే. అక్కడ పుట్టిన ఆల్ఫా కణం ఎంతసేపు లోపల నిలిచింది?

డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్, 3.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా పుడతాయి. న్యూట్రాన్‌కి చార్జ్ లేదు, అయస్కాంత క్షేత్రాన్ని లెక్కచేయకుండా గోడలోకి పోతుంది. ఆల్ఫా మాత్రం క్షేత్రానికి కట్టుబడి తిరుగుతూ తన శక్తిని ప్లాస్మాకి పంచాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ లక్ష్యం 500 మెగావాట్లు. అందులో ఆల్ఫాల వాటా 100, బయటినుంచి ఇచ్చే వేడి 50 మాత్రమే. కట్టెల పొయ్యి రాజుకున్నాక తన వేడితోనే మండాలి కదా, ఇదీ అంతే. ఆల్ఫాలు ముందే జారుకుంటే మంట తగ్గుతుంది. అన్నీ ఒకేచోట తగిలితే గోడ దెబ్బతింటుంది.

జారుకోవడానికి ఒక కారణం కాయిల్స్. ఐటర్‌లో పెద్ద కాయిల్స్ 18. వాటి మధ్య సందుల్లో క్షేత్రం కాస్త బలహీనం, కొన్ని అయాన్లు అక్కడ చిక్కి బయటికి కారతాయి. ఇది జామెట్రీ తెలిస్తే లెక్కకు అందుతుంది. రెండోది మొండిది. ప్లాస్మాలో క్షేత్ర రేఖలు వీణ తీగల్లా కంపిస్తాయి, అవే ఆల్ఫ్వెన్ తరంగాలు. ఉయ్యాలను సరైన సమయంలో తోసినట్టు ఆల్ఫాలు వాటిని పెంచుతాయి. పెరిగిన తరంగాలు తిరిగి ఆల్ఫాలనే బయటికి నెడతాయి.

దీన్ని మోడల్ చేయడం ఆషామాషీ కాదు. 5.3 టెస్లా క్షేత్రంలో ఆల్ఫా సెకనుకి దాదాపు 4 కోట్ల చుట్లు తిరుగుతుంది. లక్షల కణాలకి ప్రతి చుట్టూ లెక్కపెట్టాలంటే చాలా ఖరీదు. అందుకే ప్రిన్స్‌టన్‌లో పుట్టిన ఆర్బిట్ లాంటి కోడ్‌లు చుట్టుని సగటు చేసి, దాని కేంద్రం ఎటు జరుగుతోందో మాత్రమే చూస్తాయి.

ఫలితం ఉందా అంటే, ఉంది. అమెరికాలోని డీ-త్రీ-డీ టోకమాక్‌లో ఫాస్ట్ అయాన్లు మధ్యలో గుట్టగా ఉండాలని మామూలు లెక్క చెప్పింది. కొలిస్తే గుట్ట చదునైపోయి ఉంది. ప్రధాన క్షేత్రంలో వెయ్యో వంతు కూడా లేని చిన్న తరంగాలే, కానీ చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి లెక్కిస్తే ఆ చదును కోడ్‌లోనూ వచ్చింది. విడివిడిగా హాని చేయనివి కలిస్తే దారి తప్పిస్తాయన్నమాట.

‘ఉత్త సిమ్యులేషనే కదా’ అనే మాట మన ప్రాజెక్ట్ రివ్యూల్లో తరచూ వినిపిస్తుంది. దాంట్లో కొంత న్యాయం ఉంది. పారామీటర్లు అటూఇటూ తిప్పి గ్రాఫ్‌ని కొలతకి అతికించేస్తే అది మోడల్ అనిపించుకోదు. కానీ 1997లో జెట్ 16 మెగావాట్లు సాధించినప్పుడు ఆల్ఫాల వాటా 3 మెగావాట్ల పైచిలుకే. అక్కడినుంచి 100కి వెళ్ళే దారిని ముందుగా పరీక్షించి చూసే యంత్రం ఎక్కడా లేదు. మోడల్‌ని నమ్ముకునే వెళ్ళాలి. కాబట్టి కొలతకన్నా ముందే అంచనా చెప్పాలి, తన లెక్క ఎక్కడివరకు చెల్లుతుందో కూడా చెప్పాలి. అలాంటి మోడల్ రాసినవాడు చేసింది నికార్సైన ఇంజనీరింగే.

ఐటర్‌లో మన దేశం భాగస్వామి. గాంధీనగర్‌లో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది. మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుకుతున్నవాళ్ళు పైథాన్‌లో ఒక్క ఆల్ఫాని టోకమాక్ క్షేత్రంలో వదిలి చూడండి. మొదట మొత్తం చుట్లతో, తర్వాత కేంద్రంతో మాత్రమే. రెండు దారులూ ఎక్కడ విడిపోతాయో రిపోర్ట్‌లో దాచకుండా రాయండి. రివ్యూలో గట్టిగా మాట్లాడాల్సింది ఆ పేజీ గురించే.