పాత కారు వదులుతాం, దారి చూపండి

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

మా ఇంట్లో ఇంకా మారుతి 800 ఉంది. హైదరాబాద్‌లో ఆ కారు కొత్తవి అమ్మడం 2010లోనే ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన బండికి మళ్లీ ఐదేళ్ల రిజిస్ట్రేషన్ చేయించడం కన్నా, తుక్కుకిచ్చేసి చిన్న ఎలక్ట్రిక్ కారు కొనుక్కోవడం మేలనుకున్నాం. 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసి ప్రభుత్వం మంచి పని చేసింది.

అయితే బండి కొనడం ఒక ఎత్తు, రాత్రి చార్జింగ్ పెట్టుకోవడం ఒక ఎత్తు. పాత అపార్టుమెంట్లలో మీటరు నుంచి సెల్లార్ పార్కింగ్‌కు వైరు లాగాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. మంటలు లేస్తాయేమోనని వాళ్ల భయం. అది కొట్టిపారేసే భయం కాదు. విద్యుత్ శాఖతో కలిసి వైరింగ్‌కు తేటగా నిబంధనలు పెట్టండి, తనిఖీకి మనుషుల్ని పంపండి. అద్దెకుండేవాళ్లను మరవకండి, నగరంలో సగం ఇబ్బంది వాళ్లదే అనిపిస్తుంది నాకు.

అసలు కారే అక్కర్లేకుండా బతకగల కుటుంబాలూ ఉన్నాయి. 2017 నుంచి మెట్రో ఉంది. స్టేషన్ నుంచి కాలనీ దాకా చిన్న బస్సు తిరిగితే, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మలాంటివాళ్లు కూడా ఎక్కుతారు. ముందు ఆ బస్సులు వేయించండి.

ఇట్లు,
ఒక హైదరాబాద్ నివాసి