కంచె మేసిన చేనుకు కంచెనే సాక్ష్యమా?

2015 ఏప్రిల్ మొదటి వారాన్ని సూర్యాపేట మర్చిపోదు. ఏప్రిల్ 1 అర్ధరాత్రి మా బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. నాలుగో తారీఖున మోత్కూరు దగ్గర జానకీపురంలో ఎదురుకాల్పులు. ఆ ఇద్దరూ, మరో కానిస్టేబులూ చనిపోయారు. గాయపడ్డ ఎస్సై సిద్ధయ్య ఏడో తారీఖున ఆసుపత్రిలో కన్నుమూశాడు. చచ్చిపోయిన ఆ ఇద్దరూ 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి పారిపోయినవాళ్లని పోలీసులు చెప్పారు.

అదే ఏడో తారీఖు పొద్దున వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు వికారుద్దీన్‌నూ, మరో నలుగురు విచారణ ఖైదీలనూ పోలీసు వ్యానులో తీసుకెళ్తున్నారు. ఆలేరు దగ్గర అయిదుగురూ చనిపోయారు. ఆయుధం గుంజుకోబోతే కాల్చామన్నారు పోలీసులు. మర్నాడు పేపర్లలో ఫొటోలు వచ్చాయి. సీట్లలో ఒరిగిపోయిన శవాలు. చేతులకు బేడీలు.

సూర్యాపేట కాల్పులు జరిగిన రాత్రి ఈ అయిదుగురూ జైల్లో ఉన్నారు. ఆ నేరానికీ వీళ్లకూ మధ్య జనానికి కనిపించిన బంధం ఒక్కటే, పేర్లు.

ఆ రోజుల్లో కోదాడలో హైవే పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే నా పాత మిత్రుడు ఒకడు అడిగాడు. మంచివాడు, అభ్యుదయవాది, కాలేజీలో నాతోపాటు జెండా పట్టినవాడు. "ఏం భాయ్, మీవాళ్లే పోలీసోళ్లను చంపిండ్రు, మళ్లా మీకే సీబీఐ కావాల్నా?"

'మీవాళ్లు' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. బస్టాండులో పడిపోయిన హోంగార్డు నావాడు కాడా? ఖండ్వా జైలు నుంచి పారిపోయినవాడు ఎట్లా నావాడయ్యాడు? ఆ లెక్క ఎవరు కట్టారు? ఖాకీ కట్టిన లెక్కనే నా సెక్యులర్ మిత్రుడు కూడా నాకు అప్పజెప్పాడు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఆలేరు మృతుల కుటుంబాలు సీబీఐ దర్యాప్తు అడిగాయి. ప్రభుత్వం సిట్ వేసింది. సిట్ అంటే ఏమిటి? అదే రాష్ట్రం, అదే శాఖ, అదే జీతం, అదే డీజీపీ. ఆ అధికారులు నిజాయితీపరులు కావచ్చు. నా ప్రశ్న వాళ్ల గుణం గురించి కాదు, వాళ్లు కూర్చున్న చోటు గురించి. పొలం గట్టు తగాదాలో కూడా ఒక పక్షం వాడిని పెద్దమనిషిగా కూర్చోబెట్టరు కదా. అయిదు శవాల పంచాయితీలో ఎట్లా కూర్చోబెడతారు?

ప్రతి కేసుకూ సీబీఐ కావాలని మేం అడగడం లేదు. మిర్యాలగూడ చూడండి. 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి ముందు ప్రణయ్‌ని నరికి చంపారు. దళితుడు పై కులం పిల్లను పెళ్లాడినందుకు చేయించిన హత్య. నల్లగొండ పోలీసులే దర్యాప్తు చేశారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. శిక్ష పడ్డవాళ్లలో ముస్లిం పేర్లూ ఉన్నాయి. మావాళ్లను ఇరికించారని మేం వీధిలోకి రాలేదు. ఎందుకంటే అక్కడ పోలీసు ఒక పక్షం కాదు. చేయదలిస్తే మన జిల్లా పోలీసుకు చేతనవుతుందని ఆ కేసే చెబుతుంది.

కొలబద్ద ఇదొక్కటే. చంపినవాడని ఆరోపణ ఎదుర్కొంటున్నవాడే దర్యాప్తు చేసే శాఖలో ఉన్నాడా లేడా? ఉంటే కేసు ఆ శాఖ చేతిలో ఉండకూడదు. చచ్చిపోయినవాడు సాయిబా, మాదిగా, లంబాడా, నక్సలైటా అన్నది ప్రశ్నే కాదు.

చట్టం దగ్గర దారి లేక కాదు. 2010 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. రాష్ట్రం ఒప్పుకోకపోయినా సుప్రీంకోర్టూ హైకోర్టులూ కేసును సీబీఐకి అప్పగించవచ్చు. కాకపోతే ఆ అధికారాన్ని అరుదుగా, ఆచితూచి వాడాలంది. సరే. ఆ 'అరుదు' ఎవరి వాకిట్లో త్వరగా దొరుకుతుందో చూద్దాం.

2022 అక్టోబర్‌లో మొయినాబాద్ ఫామ్‌హౌసులో ఎమ్మెల్యేల కొనుగోలు కేసు. సిట్ వేశారు. దర్యాప్తు సరుకు ముఖ్యమంత్రి ప్రెస్ మీటుకు ఎక్కింది. నిందితులకు న్యాయం జరగదని రెండు నెలలకే, డిసెంబర్ 26న, హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. నిందితుడికి కూడా నిష్పాక్షికమైన దర్యాప్తు హక్కు ఉందన్న ఆ సూత్రానికి నేను చేతులెత్తి సలాం చేస్తాను. ప్రెస్ మీటు పెడితేనే దర్యాప్తు మీద నమ్మకం పోతే, బేడీలతో ఉన్నవాళ్లను చంపితే పోదా?

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర 'దిశ' కేసు నిందితులు నలుగురిని కాల్చినప్పుడు ఊళ్లకు ఊళ్లే పోలీసుల మీద పూలు చల్లాయి. సుప్రీంకోర్టు మాత్రం వారంలోపే జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ వేసింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని ఆ కమిషన్ చెప్పింది. బయటి మనిషి చూస్తే కథ ఎట్లా మారుతుందో తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆలస్యం ఏం చేస్తుందో అప్పటి కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నం చెబుతుంది. 2007 డిసెంబర్‌లో హాస్టల్లో ఒక ముస్లిం విద్యార్థినిని చంపారు. పోలీసులు ఒక దళిత యువకుడిని పట్టుకున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. 2018లో సీబీఐకి ఇచ్చేనాటికి కోర్టులో ఉండాల్సిన వస్తువులే నాశనమయ్యాయి. 2019లో ఆ పిల్ల సమాధి తవ్వారు. ఒక ముస్లిం తల్లికీ ఒక దళిత తల్లికీ కలిపి అన్యాయం చేసిన కేసు అది. సీబీఐ రావాల్సింది పదకొండేళ్లకు కాదు.

"సీబీఐ మాత్రం పత్తిత్తా?" అంటారు. కాదు. పంజరంలో చిలక అని 2013లో సుప్రీంకోర్టే అంది. సొహ్రాబుద్దీన్, ఆయన భార్య 2005 నవంబర్‌లో హైదరాబాదులోనే బస్సెక్కారు. గుజరాత్ పోలీసుల చార్జిషీటు తర్వాత కూడా 2010లో సుప్రీంకోర్టు ఆ కేసును సీబీఐకి ఇచ్చింది. 2018లో ఇరవై ఇద్దరు నిందితులూ విడుదలయ్యారు. మక్కా మసీదు సంగతీ అంతే. 2007 మే 18న పేలుడులో తొమ్మిదిమంది, తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. మా పిల్లలను పట్టుకుపోయి హింసించారు. సీబీఐ వచ్చాకే దర్యాప్తు దారి మారి హిందూత్వ ముఠా వైపు తిరిగింది. తర్వాత ఎన్ఐఏ చేతికి పోయింది. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ నిర్దోషులయ్యారు. మరి నమాజుకొచ్చిన ఆ తొమ్మిదిమందిని ఎవరు చంపినట్టు?

అందుకే సీబీఐ పేరు జపం చేయమనడం లేదు. కోర్టు కేసును అప్పగించి చేతులు దులుపుకోకూడదు. గడువు పెట్టాలి. నెలనెలా నివేదిక అడగాలి. ఆ నివేదికలో ఏముందో చచ్చినవాడి ఇంటికి తెలియాలి. ఇదంతా సాక్ష్యం బతికున్న మొదటి వారంలోనే మొదలవ్వాలి.

ఇంకొకటి. 2018లో ఆంధ్ర ప్రభుత్వం, 2022లో తెలంగాణ ప్రభుత్వం సీబీఐకి ఇచ్చిన సాధారణ అనుమతిని వెనక్కి తీసుకున్నాయి. రాష్ట్రాల హక్కులన్నాయి. ఢిల్లీ పెత్తనం మీద నాకూ కోపమే. కానీ నాయకుల ఇళ్ల మీద దాడులప్పుడు గుర్తొచ్చే ఫెడరలిజం లాకప్పు గోడల మధ్య ఎందుకు గుర్తురాదు? రాష్ట్రానికి హక్కులుంటే, ఆ రాష్ట్రం చేతిలో చచ్చినవాడికి లేవా?

కోదాడ మిత్రమా, ఇదీ నా జవాబు. వికారుద్దీన్ నేరం చేశాడో లేదో నాకు తెలియదు. తేల్చాల్సింది కోర్టు. ఆ రోజు వ్యాను వెళ్తున్నది కోర్టుకే. విచారణ పూర్తయి ఉరే పడి ఉంటే, ఉరి మీద వాదించుకునేవాళ్లం. వ్యానును కోర్టుదాకా పోనివ్వలేదు. బేడీలున్న చేతులు తుపాకీ ఎట్లా గుంజుకుంటాయని అడిగితే నువ్వు నన్ను 'మీవాళ్లు' అన్నావు. నువ్వూ నాతోపాటు ఆ ప్రశ్న అడిగి ఉంటే, దాన్ని సాయిబుల ప్రశ్న అని ఎవరూ పక్కకు నెట్టేవాళ్లు కాదు.