చేపను కాపాడే భారం జాలరి ఒక్కడిదేనా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజిన్ పడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆపాల్సిందే. విత్తనాల గింజలు వండుకు తింటే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. మత్స్యకారులూ నిషేధాన్ని కాదనడం లేదు. చేపను కాపాడే భారమంతా రెక్కాడితేగాని డొక్కాడని జాలరి మీదే ఎందుకు పెడుతున్నారన్నదే మా ప్రశ్న.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు వేట రాష్ట్రాల అధికారం. అక్కడి నుంచి 200 మైళ్ల వరకు కేంద్రానిది. వలస చేపకు ఈ గీతలు తెలియవు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలది. ఆ హద్దు దాటి లోపలికొచ్చే ట్రాలర్లను ఆపకుండా, వేటకు పోని జాలరిని లెక్కపెట్టుకోవడం రక్షణ కాదు. కేరళ 58 రకాల చేపలకు పట్టదగిన కనీస పరిమాణం నిర్ణయించింది. ఒక్క రాష్ట్రం వదిలిన పిల్ల చేపను పక్క రాష్ట్రం పట్టేస్తే ఫలితమేముంది? అన్ని తీర రాష్ట్రాలకూ ఒకే నిబంధన ఉండాలి.

మన పులసనే చూడండి. గోదావరికి ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురెక్కి వస్తుంది. వేసవిలో నిషేధం పెట్టి, అది ఏరెక్కే వేళకు వదిలేస్తున్నాం. బంగ్లాదేశ్ ఇదే చేప గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట ఆపుతుంది. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను నవంబరు నుంచి జూన్ దాకా పట్టనివ్వదు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తుంది.

మన వంతు తప్పూ ఒప్పుకుందాం. ధవళేశ్వరం ఆనకట్ట మన పొలాలకు నీళ్లిచ్చింది, పులస దారిని మూసింది. మన చేలల్లో కొట్టిన మందులు, రొయ్యల చెరువుల మురుగు డ్రైన్ల గుండా చేరేది ఆ సముద్రానికే. కాబట్టి ఇది మత్స్యకారుల గొడవ, మనకెందుకు అనడం తగదు.

నిషేధ భృతి వేట ఆగే రోజుకే చేతికందాలి. చేపలమ్మే మహిళలకూ అందాలి. 8 కిలోమీటర్ల హద్దును కచ్చితంగా అమలు చేయాలి. పులస ఏరెక్కే రోజుల్లో పరిహారమిచ్చి నదీ ముఖాల్లో వేట ఆపాలి. శుద్ధి చేయని చెరువు నీటిని డ్రైన్లలోకి వదలనివ్వకూడదు. దున్నేవాడు, వల వేసేవాడు కలిసి అడిగితేనే ప్రభుత్వాలు కదులుతాయి.