గేటు వేసినవారు కారణం చెప్పాలి

ఖరగ్‌పూర్‌లో ఐఐటీకి దగ్గరగా ఉన్న పూరీ గేట్ పేరులోనే రైల్వే గేటు ఉంది. తరతరాలుగా రైల్వేను నమ్ముకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ఆ ఊరిలో గేటు పడితే ఎందుకని ఎవరూ అడగరు. రైలు వస్తోంది, వెళ్లాక గేటు తీస్తారు. కారణం కళ్లకు కనిపిస్తుంది. ఎదురుచూపుకు హద్దు ఉంటుంది. సాంకేతిక సంస్థల విలీనాలకు అనుమతులిచ్చే గేట్ల దగ్గర మాత్రం ఈ రెండూ కరువవుతున్నాయి.

సినాప్సిస్, అన్సిస్ సంస్థల విలీనమే ఇందుకు ఉదాహరణ. రెండూ అమెరికా సంస్థలే. ఒక చిప్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లను ఎక్కడ, ఎలా అమర్చాలో తేల్చే సాఫ్ట్‌వేర్ సినాప్సిస్‌ది. ఒక వస్తువు తయారు కాకముందే అందులో వేడి, ఒత్తిడి, విద్యుదయస్కాంత ప్రభావాలు ఎలా ఉంటాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అన్సిస్‌ది. చిప్‌లను ఒకదానిపై ఒకటి పేర్చే ఈ రోజుల్లో పొరల మధ్య చిక్కుకున్న వేడి బయటికి వెళ్లడం పెద్ద సమస్య. అందుకే ఈ రెండు పనులూ ఒకచోట చేరాలన్న ఆలోచనకు శాస్త్రీయ కారణం ఉంది.

సుమారు 3,500 కోట్ల డాలర్ల ఈ ఒప్పందాన్ని 2024 జనవరిలో ప్రకటించారు. యూరప్, బ్రిటన్ షరతులతో ఒప్పుకున్నాయి. 2025 మే 28న అమెరికా నియంత్రణ సంస్థ కూడా పచ్చజెండా ఊపింది. ఆ మర్నాడే, చిప్ రూపకల్పన సాఫ్ట్‌వేర్‌ను చైనాకు అమ్మడంపై అమెరికా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. చైనా అనుమతి మాత్రం ఇంకా రాలేదు. జులై మొదట్లో ఆంక్షలు తొలగిపోయాయి. జులై 14న చైనా షరతులతో అనుమతి ఇచ్చింది. 17న విలీనం పూర్తయింది. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే, పోటీ చట్టం ఒక్కటే ఈ గేటును నడిపించిందని నమ్మడం కష్టం.

రెండు అమెరికా సంస్థలు కలవడానికి చైనా అనుమతి ఎందుకు? ఆ సంస్థలు చైనాలో నిర్ణీత స్థాయికి మించి వ్యాపారం చేస్తున్నాయి కాబట్టి. ఇలాంటి నిబంధన చాలా దేశాల్లో ఉంది. విలీనంతో గుత్తాధిపత్యం ఏర్పడి, కొనుగోలుదారులు నష్టపోకుండా చూడడం దాని ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు.

ఇలా రాజకీయం తోడవడం కొత్త కాదు. 2016లో క్వాల్‌కామ్ సంస్థ ఎన్‌ఎక్స్‌పీని కొనడానికి సిద్ధపడింది. తొమ్మిది చోట్ల అనుమతి కావాలి, ఎనిమిది చోట్ల వచ్చింది, చైనా నుంచి రాలేదు. 2018 జులైలో, అమెరికా, చైనాల సుంకాల పోరు మొదలైన నెలలోనే, క్వాల్‌కామ్ ఒప్పందాన్ని వదులుకుని 200 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించింది. వాణిజ్య వివాదానికీ దీనికీ సంబంధం లేదని చైనా చెప్పింది. తప్పంతా ఒకవైపే ఉందనడమూ సరికాదు. అదే ఏడాది మార్చిలో, బ్రాడ్‌కామ్ క్వాల్‌కామ్‌ను కొనకుండా జాతీయ భద్రత పేరుతో అమెరికా అధ్యక్షుడే అడ్డుకున్నారు.

ఈ ఆలస్యాల సెగ హైదరాబాద్‌కూ తగులుతుంది. జైలింక్స్ సంస్థకు అక్కడ పెద్ద పరిశోధన కేంద్రం ఉండేది. ఆ సంస్థను కొంటున్నట్టు ఏఎండీ 2020 అక్టోబరులో ప్రకటించింది. యూరప్, బ్రిటన్ 2021 జూన్‌లోనే ఒప్పుకున్నా, చైనా అనుమతి 2022 జనవరిలో గానీ రాలేదు. ఫిబ్రవరి 14న విలీనం పూర్తయింది. అనుమతులన్నీ వచ్చేదాకా రెండు సంస్థలూ చట్టప్రకారం వేర్వేరుగానే నడవాలి. ఉమ్మడి ప్రాజెక్టు మొదలుకాదు, ఏ బృందం ఉంటుందో తెలియదు. ఇంజనీరు భవిష్యత్తు అతడికి సంబంధం లేని ఓ తగాదా మీద ఆధారపడుతుంది.

చైనా భయం అర్థం లేనిది కాదు. మే నెల ఆంక్షలతో అక్కడి డిజైనర్ల చేతిలోని పనిముట్టు రాత్రికి రాత్రే అందకుండా పోయింది. ఆ భయానికి మందు మౌనం కాదు, రాతపూర్వక షరతు. ఉన్న ఒప్పందాలను గౌరవించాలని, ఒక సాఫ్ట్‌వేర్ కావాలంటే మరొకటీ కొనాలని బలవంతపెట్టకూడదని జులైలో చైనా పెట్టిన షరతులు అలాంటివే. అవి అందరికీ మేలు చేస్తాయి. వాటిని ముందే రాసి ఉంటే సరిపోయేది.

ఈ విషయంలో భారత్ ప్రేక్షకపాత్రకే పరిమితం కాదు. 2024 సెప్టెంబరు 10 నుంచి, 2,000 కోట్ల రూపాయలు దాటిన ఒప్పందాలు, కొనబోయే సంస్థకు ఇక్కడ గణనీయ వ్యాపారం ఉంటే, కాంపిటీషన్ కమిషన్ ముందుకు రావాలి. పరిశీలన గడువును 210 రోజుల నుంచి 150కి తగ్గించారు. చిప్ రూపకల్పనలో 85 వేల మందికి శిక్షణ ఇవ్వాలనుకుంటున్న దేశం, ఆ పనికి ఎక్కువగా విదేశీ సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడుతోంది. కాబట్టి మన విద్యార్థులకు, చిన్న సంస్థలకు సరఫరా ఆగకుండా షరతులు అడగడం న్యాయమే. దేశ భద్రత ప్రశ్న ఉంటే దాన్ని విడిగా, ఆ పేరుతోనే లేవనెత్తాలి. దాన్ని పోటీ చట్టం ముసుగులో దాచకూడదు.

కొత్త అధికారం చేతికొచ్చినప్పుడు పొరుగువారిలా దాన్ని బేరానికి వాడుకోవాలన్న ఆశ పుడుతుంది. ఆ దారిలో వెళితే, రేపు మన సంస్థలు విదేశాల్లో అనుమతుల కోసం నిలబడినప్పుడు అడగడానికి మనకు నోరుండదు. గేటు వేసే హక్కు ప్రతి దేశానికీ ఉంది. ఎందుకు వేశారో, ఎప్పుడు తీస్తారో చెప్పే బాధ్యత కూడా ఆ హక్కులో భాగమే.