ఖౌఫ్ ఉండొచ్చు, ఘబ్రాహట్ వద్దు

మన ఇళ్ళల్లో పిల్లలకు నీళ్ళ గురించి ముందుగా నేర్పే మాట "మత్ జా". బావి దగ్గరికి మత్ జా, చెరువు గట్టుకు మత్ జా. సమందర్ కనబడితే చాలు, అమ్మీ చెయ్యి మన జబ్బ మీద బిగుసుకుంటుంది. ఉర్దూ మీడియం బడిలో బట్టీ పట్టిన ముహావరాలు తలుచుకున్నా అదే వరస. సిగ్గులేనివాణ్ణి చుల్లూ భర్ పానీ మే డూబ్ మర్ అంటాం. దిక్కుతోచనివాడి గురించి డూబ్తే కో తిన్కే కా సహారా అంటాం. పానీ వచ్చిందంటే వెనకాలే డూబ్నా వస్తుంది. తర్వాత డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు "ఏటికి ఎదురీదడం" అన్న మాట చూసి, ఇది ఈత వచ్చినవాళ్ళు పుట్టించిన మాట అయ్యుంటుందనుకున్నాను.

మా ఆపా అత్తగారిల్లు నందిగాంలో. ఒకవైపు టెక్కలి, ఇంకోవైపు పలాస. బండి తీస్తే జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుని ఉద్దానం తీరానికి చేరడం పెద్ద పనేమీ కాదు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఆ ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు. ఈద్ తర్వాత చుట్టాలందరూ కూడితే బిర్యానీ డేగ్చీ, చాపలూ ఆటోలో వేసుకుని బీచికి వెళ్తాం. పెద్దవాళ్ళు ఇసుకలో కూర్చుంటారు. మగపిల్లలు నడుం లోతు దాకా పోతారు. ఆడపిల్లలు చీలమండ లోతు దగ్గరే ఆగిపోతారు. వాళ్ళను ఎవరూ ఆపక్కర్లేదు, వాళ్ళే ఆగుతారు. అంత బాగా నేర్పాం.

మొన్న అలాగే బారువ వెళ్ళినప్పుడు, ఇంటర్ చదువుతున్న మేనకోడలు అడిగింది: "మామూ, ఈ నీళ్ళ కింద ఓడ ఉందంట, నిజమేనా? నేను దిగి చూడొచ్చా?"

ఓడ ఉన్నమాట నిజమే. చిల్కా దాని పేరు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వాళ్ళ ఆవిరి ఓడ. 1917లో నిప్పంటుకుని ఈ తీరంలోనే పోయింది. దాని శిథిలాన్ని విశాఖ నుంచి వచ్చిన స్కూబా డైవర్లు దిగి చూశారు. పిల్ల అడిగిన రెండో సవాల్‌కు నేను జవాబు చెప్పేలోపే వాళ్ళ దాదీ "తౌబా తౌబా" అని చెంపలు వేసుకుంది. దూల్హాభాయ్ నవ్వేసి, ఇంకో ప్లేటు వడ్డించుకున్నారు. అది నవ్వి వదిలేసే సవాల్ కాదని నా ఖయాల్.

రెండేళ్ళ కిందట నేను విశాఖలో స్కూబా నేర్చుకున్నాను. నేవీలో పనిచేసి వచ్చిన బలరామ్ నాయుడు గారు లివిన్ అడ్వెంచర్స్ పెట్టి రుషికొండలో ఈ విద్యను మామూలు జనానికి అందేలా చేశాక, మా జర్నలిస్టుల్లో కూడా కొంతమందికి షౌక్ పుట్టింది. నాకు షౌక్ కన్నా ఖౌఫ్ ఎక్కువ. నలభై దాటిన వయసు, అంతంత మాత్రం ఈత.

మొదటి రోజు సముద్రమే లేదు. నడుం లోతు నీళ్ళు. కళ్ళూ ముక్కూ కప్పేలా మాస్కు, నోట్లో రెగ్యులేటర్. మోకాళ్ళ మీద కూర్చుని, తల నీళ్ళలో పెట్టి, నోటితో గాలి పీల్చాలి. పని అంతే. అది నా వల్ల కాలేదు. గాలి వస్తోంది, వస్తున్నట్టు తెలుస్తోంది కూడా, అయినా ఛాతీ ఒప్పుకోదు. మొహం మునగగానే ఒళ్ళు దానంతటదే దమ్ బిగబట్టేస్తుంది. మూడుసార్లు లేచి నిలబడ్డాను. నేర్పే ఆయన ఏమీ అనలేదు, ధైర్యం కూడా చెప్పలేదు. నాలుగోసారి మాత్రం, "పీల్చడం సంగతి వదిలేయండి సార్, గాలి వదలడం మీద పెట్టండి ధ్యాస, బుడగలు లెక్కపెట్టండి" అన్నాడు. పదకొండు బుడగల గుంపులు లెక్కపెట్టాక, నేను నీళ్ళ కింద ఉన్నానన్న సంగతే కాసేపు మర్చిపోయాను.

దీని వెనక ఉన్న అసలు విషయం తర్వాత తెలిసింది. ఘబ్రాహట్‌లో మనిషి పొట్టి పొట్టి శ్వాసలు తీస్తాడు. లోపలి పాత గాలి పూర్తిగా బయటికి పోదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గాలి చాలడం లేదన్న ఆ భయంకరమైన ఫీలింగ్ మనకు ఎక్కువగా దానివల్లే వస్తుంది. అంటే వీపు మీద సిలిండర్ నిండా గాలి ఉన్నా మనిషి ఉక్కిరిబిక్కిరై పైకి ఉరుకుతాడు. ఆ ఉరకడమే ప్రాణం మీదికి తెస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి, నీళ్ళ పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టుకుని పైకి వస్తే అది రెండింతలు ఉబ్బుతుంది, ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. అందుకే స్కూబాలో మొట్టమొదటి ఉసూల్: దమ్ ఎప్పుడూ పట్టొద్దు. తజ్వీద్ నేర్చుకున్న పిల్లలకు నెమ్మదిగా గాలి వదలడం బాగా వస్తుంది. కాకపోతే ఖారీ సాబ్ మెచ్చుకునేలా దమ్ పట్టడం ఇక్కడ పనికిరాదు.

ఖౌఫ్ వేరు, ఘబ్రాహట్ వేరు. ఉర్దూలో రెండు మాటలున్నాయి కానీ మన పెంపకంలో రెండూ కలిసిపోయాయి. కెరటం ఎటు లాగుతుందో చూసి దిగమని చెప్పేది ఖౌఫ్. దిగాక కాళ్ళూ చేతులూ కొట్టుకునేలా చేసేది ఘబ్రాహట్. మొదటిది ఉండాలి. ఆ రోజు బారువ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని, మీకు భయం వెయ్యదా అని అడిగాను. "బయం నేదంటే అబద్దమే సాయిబు గారూ. మా గుంటల్ని కూడా ముందు సెరువులోనే దింపుతాం. సంద్రం తర్వాత సంగతి" అన్నాడు. స్కూబా కోర్సు నడిచేదీ ఇదే పద్ధతిలో. ముందు నిలబడగలిగే నీళ్ళు, తర్వాత కొంచెం లోతు, ఆ తర్వాతే సముద్రం. కిందికి దిగేటప్పుడు మీటరుకో మీటరున్నరకో ఒకసారి ముక్కు మూసి ఊది చెవులు సర్దుకోవాలి, నొప్పి వస్తే ఆగి కొంచెం పైకి రావాలి. తొందరపడినవాడికి చెవే బుద్ధి చెబుతుంది. ఒక సరదా సంగతి: మనం వాట్సాప్‌లో అందరికీ పంపే బొటనవేలు గుర్తుకు నీళ్ళ కింద "బాగుంది" అని అర్థం కాదు, "పైకి పోదాం" అని. నేను అలవాటు కొద్దీ ఒకసారి బొటనవేలు చూపిస్తే ఆయన నన్ను నిజంగానే పైకి తీసుకొచ్చాడు.

మాస్కులోకి నీళ్ళు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపడం ఇంకో పాఠం. మా బ్యాచిలో అందరూ తడబడింది ఇక్కడే. నాకు మాత్రం ఇదే తేలిగ్గా వచ్చింది. ముక్కులో నీళ్ళు తగిలితే కంగారుపడకుండా చీదేయడం రోజుకు ఐదు పూటలా వజూలో చేసే పనే కదా! అన్ని సార్లు నీళ్ళతో మొహం కడిగే కౌమ్ నీళ్ళలో మొహం పెట్టడానికి ఇంత జంకడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మనవాళ్ళు ఎప్పుడూ ఇలాగే లేరు. మన పిల్లలు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా వెళ్ళే కువైట్, బహ్రెయిన్, దుబాయ్ తీరాలకు చమురు కన్నా ముందు అన్నం పెట్టింది ముత్యాల వేట. ఘవ్వాస్ ముక్కుకు బిగింపు పెట్టుకుని, బరువు కట్టిన తాడు మీద కాలు మోపి, ఒక్క దమ్ మీద అడుగుకు దిగేవాడు. పైన తాడు పట్టుకుని అతన్ని లాగేవాడి పేరు సైబ్. పడవకు పెద్ద నాఖుదా. జపాన్ పెంపుడు ముత్యాలు బజారుకు వచ్చాక, 1930ల్లో ఆ పని కుప్పకూలింది. అంత దూరం ఎందుకు, మన గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా కాలపు దఖ్నీ షాయర్ పెట్టుకున్న తఖల్లుస్ ఏమిటి? గవ్వాసీ. నీళ్ళలో మునిగి ముత్యాలు వెతికేవాడి పని మీద పెట్టుకున్న పేరు. శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ జామా మస్జిద్ కట్టించిన 1641 కూడా ఆ కుతుబ్ షా జమానాలోదే. అప్పట్లో గోతాఖోర్ అంటే ఒక షాయర్ తన పేరుగా పెట్టుకునేంత గొప్ప మాట. ఇప్పుడు శవం కోసం పిలిచినప్పుడే ఆ మాట వినబడుతోంది.

దీన్ పేరు చెప్పి పిల్లల్ని నీళ్ళకు దూరం పెట్టడం నేను ఒప్పుకోను. పిల్లలకు ఈత నేర్పమన్న నసీహత్‌ను హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు పేరుతో మన జుమా బయానుల్లో ఎన్నిసార్లు వినలేదు? సముద్రపు నీళ్ళతో వజూ చేయొచ్చా అని సహాబాలు అడిగితే, ఆ నీళ్ళు పాక్ అని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం జవాబిచ్చారు. నూహ్ అలైహిస్సలామ్ కష్తీ, నదిలో విడిచిన పసి మూసా, చేప కడుపులో యూనుస్... ఖుర్ఆన్ నిండా నీళ్ళే. ముసీబత్ వస్తే మనం చదివే ఆయత్-ఎ-కరీమా సముద్రం లోపల చేసిన దువా. తవక్కుల్ అంటారా, ముందు ఒంటెను కట్టెయ్యమన్నది కూడా మనకు తెలిసిన హదీసే.

దీనికి బదులు మనం చేసేది ఏమిటంటే, స్కూబా సామాను కనిపెట్టిన కూస్టో రెండు సముద్రాలు కలవకపోవడం చూసి ఇస్లాం కబూల్ చేశాడని మెసేజ్ ఫార్వర్డ్ చేయడం. ఈ మాట అబద్ధం. 1943లో ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరుతో కలిసి ఆయన ఆ గాలి యంత్రం తయారుచేసింది నిజం. 1997లో చనిపోతే పారిస్ నోత్రదామ్ చర్చిలో ప్రార్థనలు జరిగాయి. ఖుర్ఆన్‌కు ఆయన సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆయన నుంచి తీసుకోవలసింది ఉంటే ఆ యంత్రం తీసుకుందాం.

ఇక హయా సంగతి. ఆడపిల్ల అనగానే వచ్చే అభ్యంతరం ఇదే, దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ స్కూబాలో వేసుకునే వెట్‌సూట్ మెడ నుంచి చీలమండ దాకా కప్పుతుంది, తలకు హుడ్ కూడా ఉంటుంది. ఒంటికి అతుక్కుంటుంది అంటారా, పైన వదులు చొక్కా తొడుక్కోవచ్చు. ఈతకైతే ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి అనే ముస్లిం మహిళ 2004లో రూపొందించిన బుర్కినీ ఉంది, ఇప్పుడు అలాంటివి మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మహిళా ట్రైనర్ కావాలని అడగండి. లేరంటే, ఉన్నచోటికే వెళ్తామని చెప్పండి. డబ్బిచ్చేవాళ్ళు అడిగితే ఏర్పాటు అదే వస్తుంది. బట్టల గురించి బేఫికర్‌గా ఉండమని నేను అనడం లేదు. బట్టల ఫికర్‌ను అడ్డం పెట్టుకుని ప్రాణం ఫికర్ వదిలేయొద్దంటున్నాను. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో దాదాపు సగం మంది 29 ఏళ్ళు నిండనివాళ్ళు. రిపోర్టర్‌గా నేను ఒడ్డున నిలబడి చూసిన కేసుల్లో తెల్లగుడ్డ కప్పే ముందు పర్దా గురించి అడిగినవాళ్ళు లేరు.

ఇంకోవైపు, మునగడమంటే భయపడేవాళ్ళను స్కూబాకు తీసుకెళ్ళి ఒక్క రోజులో ధైర్యం పుట్టిద్దామనుకునే మామూలు కూడా ఉంటారు. అది గలత్. నేను చూసిన ఒక టూరిస్టు ప్రాంతంలో (పేరు వద్దు) ఫారం మీద సంతకం పెట్టించి పావుగంటలో జనాన్ని నీళ్ళలోకి దింపేస్తున్నారు, ఫొటో తీసి పైకి లాగుతున్నారు. ఆ ఫొటో చూసుకుని తనకు నీళ్ళు వచ్చేశాయనుకున్న కుర్రాడు మర్నాడు ట్రైనర్ లేకుండా కెరటాల్లోకి పోతాడు. ఒక పూట చూపించే డైవ్‌కు ఈత రానక్కర్లేదు, 12 మీటర్లు దాటనివ్వరు, ట్రైనర్ పక్కనే ఉంటాడు. కార్డు ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకు మాత్రం 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. ఆస్తమా, చెవి జబ్బు, గుండె జబ్బు ఉంటే డాక్టర్‌ను అడక్కుండా దిగకూడదు, ఫారంలో దాచకూడదు. జలుబు చేసిన రోజు కూడా మానుకోవాలి. మన బంగాళాఖాతం నీళ్ళు యూట్యూబ్‌లో చూసే లక్షద్వీప్ నీళ్ళంత తేటగా ఉండవు. అడుగు కనబడకపోతే మనసు ఇంకా తొందరగా చెదురుతుంది. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్ళాలి.

కాబట్టి మేనకోడలికి నేను చెప్పిన జవాబు "చూడొచ్చు, కానీ ఈ ఏడు కాదు" అని. ముందు ఈత, తర్వాత కొలనులో మాస్కు, తర్వాత రుషికొండ, ఆ పైన అల్లాహ్ చాహే తో చిల్కా. దాదీకి విడిగా చెప్పాను. పిల్ల ఓడ చూడకపోయినా ఫర్వాలేదు, పది నిమిషాలు వెల్లకిలా తేలడం వస్తే చాలన్నాను. ఆవిడ చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుని, "ఆడవాళ్ళే నేర్పుతారా?" అని అడిగింది. ఆ మాట మీద మేము ముందుకు కదిలాం.

మస్జిద్ కమిటీలు వేసవిలో దీనియాత్ క్లాసులు పెడతాయి, మంచిదే. దానితోపాటు ఒక ఈతకొలను రోజుకు గంట అద్దెకు తీసుకోలేవా? ఆ గంటలో మగవాళ్ళ పని లోపల ఉండదు, గేటు బయట ఖాలాలు కూర్చుంటారు. మేము ఒక ప్రైవేటు కొలను వాళ్ళతో మాట్లాడాం. నేర్పే అమ్మాయి ఉంది, పొద్దున 6 నుంచి 7 దాకా ఇస్తామన్నారు. పది మంది ఉంటేనే బ్యాచి నడుస్తుందట. ఇప్పటికి ఆరుగురి పేర్లు వచ్చాయి. ఏడో పేరు దాదీ ఇచ్చింది, తన కోసం కాదు, పక్కింటి కోడలి కోసం. ఇంకా ముగ్గురు కావాలి.